జీవ కీటకనాశనులు – పైరు మిత్రులు

"జీవ కీటకనాశని" అను సమాసమున జీవము, నాశము పక్కపక్కన కూర్చున్నవి. "జీవ" అను మాట వినినంతనే అది ప్రాణులకు మేలు చేయునదని మనకు తోచును. కాని ఈ సమాసమునకు విగ్రహవాక్యము చెప్పవలసి వచ్చినచో "జీవులనుండి గాని, వాని శరీర ద్రవ్యములనుండి గాని లభించిన కీటకనాశని" అనియే చెప్పవలెను. మందు ఎక్కడనుండి వచ్చినదో ఆ పేరు తెలుపును. ఎవరిని చంపునో, ఎవరిని విడుచునో తెలుపదు. భాషాబోధకులమైన మేము ఈ శాస్త్రవిషయమును గూర్చి వ్రాయ పూనుకొనుటకు ఈ పదమే కారణము. మన విద్యార్థులలో ప్రత్తి, మిరప, వరి పండించు కుటుంబములవారు అనేకులున్నారు. ఆ ఇండ్లలో నేడు రసాయన మందుల సీసాల సరసన జీవ మందుల సీసాలును చేరినవి. పేరును నమ్మి చల్లిన మందు పైరును కాచు పురుగులనే హరించినచో నష్టపోవునది ఆ కుటుంబమే.

చేనిలో కనబడు ప్రతి పురుగును శత్రువు కాదు. ఆకును తినునవి కొన్ని, ఆకును తిను పురుగును తినునవి మరికొన్ని. ఈ రెండవ కోవకు చెందినవానిని మిత్రకీటకములందురు. వీనిలో మరల రెండు తెగలు. ఇతర పురుగులను వేటాడి భక్షించునవి పరభక్షకములు. శత్రుకీటకపు గ్రుడ్డులోనో శరీరములోనో తమ గ్రుడ్డు పెట్టి దానిని లోపలినుండి హరించునవి పరాన్నభుక్కులు. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, వరిచేలలోని మిరిడ్ నల్లి, తూనీగ మొదటి తెగవి. కంటికి సరిగా ఆనని చిన్న కందిరీగ వంటి ట్రైకోగ్రామా రెండవ తెగది. ఎనిమిది కాళ్ళ సాలెపురుగు శాస్త్రరీత్యా కీటకము కాకున్నను వేటలో వీనికి తీసిపోదు.

ఎర్రని గుండ్రని వీపుపై నల్ల చుక్కలుగల అక్షింతల పురుగును ఎరుగని రైతు లేడు. దాని పిల్లపురుగును గుర్తించువారు మాత్రము అరుదు. నల్లని పొడవైన మేను, దానిపై నారింజ మచ్చలు, ఆరు కాళ్ళతో చిన్న మొసలివలె నుండు ఆ పిల్లపురుగు కూడ ఆబగా పేనుబంకను తినును. చూపునకు భయంకరముగా నుండుటచే దానిని శత్రువని తలచి నలిపివేయుటయు, దానిని చంపుటకే మందు కొట్టుటయు జరుగుచుండును.

మిత్రకీటకము పోయినచో ఏమగునో చరిత్ర మూడు చోట్ల స్పష్టముగా చూపినది. అమెరికాలోని కాలిఫోర్నియా నారింజ తోటలను 19వ శతాబ్దాంతమున ఒక పిండినల్లి వంటి పురుగు నాశనము చేయుచుండగా, ఆల్బర్ట్ కోబెలె 1888లో ఆస్ట్రేలియాకు పోయి, దానిని తిను వెడాలియా అను అక్షింతల పురుగును సేకరించి పంపెను. రెండేండ్లు గడవకముందే తోటలు తేరుకొనినవి. 1940ల చివర ఆ తోటలపై డి.డి.టి. చల్లగా వెడాలియాలు చచ్చినవి, అణగియున్న శత్రువు మరల విజృంభించినది. ఇండొనేషియాలో సుడిదోమ వరిని మాడ్చివేయుచుండగా, మందులు సాలెపురుగులను, మిరిడ్ నల్లులను చంపుటయే దోమ పెరుగుటకు కారణమని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఆ ప్రభుత్వము 1986లో 57 రకముల పురుగుమందులను వరిపై వాడరాదని ఆజ్ఞాపించినది. మన రాష్ట్రముననే 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిచేలలో సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు మితిమీరి వాడబడినవి. తెల్లదోమ ప్రబలినది. 1987–88లో పంటపోయి అప్పులు మిగిలిన రైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. ఆ విపత్తునకు కారణములు అనేకములు. మిత్రకీటకముల నాశనము వానిలో నొకటి.

ఇట్టి అనుభవములవలననే జీవ కీటకనాశనులపై ఆశలు పెరిగినవి. ఆ ఆశ నిరాధారము కాదు. అయితే ఇవి అన్నియు ఒక్క రీతిగా పనిచేయవు. కావున ఒక్కొక్కదానిని విడిగా పరిశీలింతము.

మొదటిది బాక్టీరియాకు చెందిన బి.టి. దీనిని 1901లో జపానునందు ఇషివాటా పట్టుపురుగుల రోగమునందు కనుగొనెను. జర్మనీలో బెర్లినర్ 1911లో పిండిని తిను పురుగులో మరల కనుగొని, అది దొరికిన థురింజియా ప్రాంతము పేరు దానికి పెట్టెను. దీనిలోని ప్రోటీను స్ఫటికము పురుగు తినిననే పనిచేయును. గొంగళిపురుగు ప్రేగులోని క్షారరసమున కరగి, అచ్చటి కణములకు అంటుకొని ప్రేగును చిల్లులు చేయును. ఆకు తినని అక్షింతల పురుగునకు, సాలెపురుగునకు ఈ మందు నేరుగా చేయు హాని స్వల్పము. అయినను బి.టి.లో పెక్కు రకములు కలవు. దోమపిల్లలపై పనిచేయునది ఒకటి, కొన్ని పెంకుపురుగులపై పనిచేయునది మరొకటి. సీసాపై ఏ రకము పేరున్నదో చదువుట అవసరము.

రెండవది ఎన్.పి.వి. అను వైరసు. శనగపచ్చ పురుగునకు ఒకటి, పొగాకు లద్దెపురుగునకు మరొకటి కలవు. ఒకదానిపై పనిచేయునది రెండవదానిపై పనిచేయదు. మిత్రకీటకములకు ఇంతకన్న నిరపాయమైన మందు అరుదు. రోగగ్రస్తమైన పురుగును తినిన పరభక్షకములు, పక్షులు తమ విసర్జనముతో వైరసును చేనంతయు వ్యాపింపజేయును. ఎండకు ఇది త్వరగా శక్తి కోల్పోవును. అందుచే రైతులు బెల్లపు నీటిని, బట్టల నీలిమందును కలిపి సాయంకాలము చల్లుదురు.

మూడవది బవేరియా వంటి శిలీంధ్రము. 1835లో ఇటలీవాడైన అగొస్టినో బాసి పట్టుపురుగుల తెల్లసున్నపు రోగమునకు కారణము ఈ శిలీంధ్రమే అని నిరూపించెను. దీనిని పురుగు తిననక్కరలేదు. మేనిపై పడి, మొలకెత్తి, చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. దీని ఆతిథేయముల పట్టిక చాల పెద్దది. తేమ అధికముగా నున్నప్పుడు అక్షింతల పురుగులకును సోకగలదు. హిందూపురం, మదనపల్లె ప్రాంతములవలె పట్టుపురుగులను పెంచు చోట్ల మల్బరీ తోటల సమీపమున దీనిని గాని, బి.టి.ని గాని చల్లరాదని చెప్పుటకు కారణము పై చరిత్రలోనే యున్నది.

నాలుగవది మన వేప. 1959లో సూడాను దేశమున మిడతల దండు పైబడి పచ్చదనమంతయు తినివేయగా వేపచెట్లు మాత్రము మిగిలియుండుట ష్ముట్టెరెర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చూచెను. 1968లో వేపగింజనుండి అజాడిరక్టిన్ అను ద్రవ్యము వేరుచేయబడెను. అది పురుగునకు ఆకుపై అరుచి కలిగించును, కుబుసము విడుచు ప్రక్రియను చెరచును. ఎదిగిన అక్షింతల పురుగు కుబుసము విడువదు గనుక దానికి అపాయము తక్కువ. ఇంకను పెరుగుచున్న పిల్లపురుగుపై కషాయము నేరుగా పడినచో అది కుబుసము విడువలేక చచ్చుట ప్రయోగశాలలలో కనబడినది. ఎండకు వేప గుణము త్వరగా నశించును గనుక చేనిలో ఈ హాని అంతగా ఉండదు. నూరు లీటర్ల నీటికి 5 కిలోల గింజల పొడి అను కొలత దాటి చిక్కగా చల్లినకొలది అపాయము పెరుగును.

ఐదవ కోవలోనివి మనలను మిక్కిలి మోసపుచ్చునవి. చామంతి జాతి పుష్పమునుండి వచ్చు పైరెత్రమ్, పొగాకు కషాయములోని నికోటిన్ రెండును ప్రకృతిసిద్ధములే. రెండును శత్రువు, మిత్రుడు అను భేదము చూడవు. పైరెత్రమ్ ఎండకు కొద్ది గంటలలో శక్తి తగ్గును గాని, ఆ కొద్ది గంటలలో ఎదురైన పురుగునెల్ల పడవేయును. నికోటిన్ చల్లు మనుష్యునకు కూడ విషము.

ఆరవది స్పైనోశాడ్. 1982లో ఒక కరీబియన్ దీవిలో, మూతపడిన రమ్ము బట్టీ వద్ద సేకరించిన మట్టిలో దొరికిన సూక్ష్మజీవి దీనికి మూలము. పరభక్షకములు పెక్కింటికి దీనివలన హాని తక్కువ. పరాన్నభుక్కులకు మాత్రము ఇది అపాయకరము; తేనెటీగలకు ఆకుపై తడి ఆరువరకు అపాయకరము. ట్రైకోగ్రామా కార్డులు కట్టిన చేనిలోనే దీనిని చల్లుట ఒక చేతితో ఇచ్చి మరొక చేతితో లాగుకొనుట వంటిది.

నేరుగా తగులు విషము గాక పరోక్షమైన హాని మరొకటి కలదు. ఏ మందైనను ఆహారమైన పురుగునంతను ఒక్కసారిగా తుడిచివేసినచో పరభక్షకములు ఆకలికి చచ్చును, లేదా పొరుగు చేలకు వలసపోవును. శత్రువు తిరిగి వచ్చునప్పటికి కావలి యుండదు. తిండి దొరికినను అది రోగపు తిండియైనచో ఎదుగుదల కుంటుపడును. 1998లో స్విట్జర్లాండునందు బి.టి. మొక్కజొన్న తిని జబ్బుపడిన పురుగులతో పెంచిన అల్లిక రెక్కల పురుగుల పిల్లలు అధికముగా చచ్చినవి. బి.టి. ప్రోటీనే వానిని చంపినదని పలువురు భయపడిరి. అటుపిమ్మట ఆ ప్రోటీనును వేరుగా తినిపించి చూడగా ఆ పిల్లలకు హాని కలుగలేదు. జబ్బుపడిన ఆహారము నాసిరకమగుటయే కారణమని తేలినది. కావున పరభక్షకము చచ్చిన చోట అది విషముచేతనా, నాసి తిండిచేతనా అని విడదీసి పరీక్షింపక తీర్పు చెప్పరాదు.

దీనినిబట్టి ఏ జీవ మందునైనను మూడు ప్రశ్నలు అడుగవలెను. ఇది తినిన పురుగునే చంపునా, తగిలిన పురుగునెల్ల చంపునా? ఆకుపై దీని శక్తి ఎన్ని గంటలు, ఎన్ని దినములు నిలుచును? దీనిని చల్లిన పిదప మిత్రకీటకములకు తిండి మిగులునా? జీవ మందులని అమ్మబడు కొన్ని సీసాలలో రసాయన విషము కలిసియుండుట తనిఖీలలో బయటపడిన సంగతి గనుక నాలుగవ ప్రశ్న కూడ అవసరమైనది. సీసాలో ఉన్నది పైన వ్రాసినదేనా? చల్లిన గంటలోనే పురుగులు గిలగిల కొట్టుకొని రాలినచో అది బి.టి. గాని, వైరసు గాని కాదని శంకింపవలెను. ఆ రెండును పని ముగించుటకు దినములు పట్టును.

మందు చల్లుటకు ముందు చేయవలసిన పని లెక్కించుట. హైదరాబాదు రాజేంద్రనగరులోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ బోధించు పద్ధతిలో చేనిలోని శత్రుకీటకములను, మిత్రకీటకములను రెండింటిని లెక్కింతురు. శత్రువులు రెండింటికి మిత్రుడొక్కటి చొప్పున ఉన్నచో సామాన్యముగా మందు అవసరము లేదని వారి సూత్రము. ఈ లెక్కకు కావలసినది ఒక కాగితము, ఒక కలము, ఆకు అడుగుభాగమును త్రిప్పి చూచు ఓపిక. చూచినదానిని గుర్తించు జ్ఞానము లేనిచో లెక్క తారుమారగును. మొసలివలె నున్న ఆ పిల్లపురుగును శత్రువుల వరుసలో వ్రాసికొనినవాడు, తన చేనిని కాచుచున్న సైన్యమును చూచియే మందునకు పరుగెత్తును.

కావున విద్యార్థులకు ఒక మాట, పాలకవర్గమునకు ఒక మనవి. సెలవులలో ఇండ్లకు పోవు మిత్రులు తమ చేనిలో పది మొక్కలను ఎంచుకొని, వారమునకొకసారి రెండు వరుసల లెక్క వ్రాసి తేవలెను. జంతుశాస్త్ర శాఖవారు వానిని సరిచూచినచో అది మంచి అధ్యయనమగును. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, మిరిడ్ నల్లి వీని గ్రుడ్డు మొదలు పెద్ద పురుగు వరకు గల రూపములను తెలుగు, ఉర్దూ లిపులు రెండింట పేర్లతో చిత్రింపించి, కళాశాల వాకిట వ్రేలాడదీయుటకు పాలకవర్గము ఏర్పాటు చేయవలెనని మా మనవి. దీనికి కాగల వ్యయము ఒక్క ఎకరమునకు ఒకసారి చల్లు మందు ఖరీదును మించదని మా అంచనా.