వడ్రంగి పనిముట్లు: ధరకు తగిన పని ఇస్తాయా?



వడ్రంగం నేర్చిన కుర్రవాడు సొంతంగా పని మొదలుపెట్టే రోజున ఇంట్లో తప్పకుండా వచ్చే తర్జనభర్జన పనిముట్ల గురించి. బజారులో ఒక ఉలి నూట యాభై రూపాయలకు దొరుకుతుంది. పక్క అరలో అదే వెడల్పు ఉలి ఐదు వందలు. పై దేశాల నుంచి వచ్చేదైతే మూడు వేలు దాటవచ్చు. చూపుకి మూడూ ఒక్కలాగే మెరుస్తుంటాయి. ఇంటి పెద్దాయన కమ్మరి చేత కొట్టించిన ఉలితోనే జీవితమంతా గడిపానంటారు. కుర్రవాడేమో సెల్ ఫోనులో చూసిన ఇనప చిత్రిక కావాలంటాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఎవరి మాట ఏ పనిముట్టుకు వర్తిస్తుందో తెలియకపోతే మాత్రం అప్పు మిగులుతుంది.

ఈ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి కారణం ఉంది. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది, పడవల తయారీ కూడా ఉంది. పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సాయం, తరువాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆపైన రెండు లక్షల వరకు అప్పు అని అందులో పెట్టారు. తమిళనాడు ప్రభుత్వం దాన్ని అమలు చేయబోమని చెప్పి, 2025లో సొంతంగా కలైజ్ఞర్ కైవినై పథకం తెచ్చింది. కాబట్టి హోసూరులో ఉన్న ఆచారిగారికీ, బళ్ళారిలో ఉన్న ఆయన బావమరిదికీ అడగవలసిన పథకం ఒకటి కాదు. మీ జిల్లా పరిశ్రమల కేంద్రంలో విచారించుకోండి. సొమ్ము ఎక్కడి నుంచి వచ్చినా దాన్ని దేని మీద ఖర్చు పెట్టాలన్న ప్రశ్న మాత్రం ఒక్కటే.

ముందుగా ఉలి సంగతి. ఉలికి మనం ఇచ్చే ధరలో ముఖ్యమైన భాగం ఉక్కుకి. ఇనుములో బొగ్గు పదార్థం, అంటే కార్బన్, ఒక శాతానికి కాస్త అటూ ఇటూగా ఉండి, దాన్ని ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్ళీ తగుమాత్రం వేడి చేసి పదును నిలిచేలా చేస్తారు. ఈ రెండో వేడినే పాకం అనుకోండి. పాకం ముదిరితే ఉలి మెత్తబడుతుంది, చాలకపోతే అంచు పెచ్చులూడుతుంది. చౌక ఉలిలో సాధారణంగా లోపం ఇక్కడే. ఒకే పెట్టెలోని ఆరు ఉలుల్లో రెండు బాగుంటాయి, నాలుగు తగరంలా వంగుతాయి. మంచి తయారీదారు ఉలికి ఎక్కువ ధర అడిగేది ఆరింటికి ఆరూ ఒకే పాకంలో ఉంటాయన్న హామీకి.

ఈ హామీ విలువ ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉజ్జాయింపుగా తీసుకున్నవి, మీ ఊరి అంకెలు పెట్టుకుని మీరూ వేసుకోవచ్చు. వడ్రంగి రోజు సంపాదన 900 రూపాయలు, పని ఎనిమిది గంటలు అనుకుందాం. అందులో ఆరు గంటలు టేకు ద్వారబంధాల నిలువు కర్రల్లో అడ్డకర్ర దిగే బెజ్జాలు కొట్టే పని. టేకులో ఇసుక లాంటి పదార్థం ఉంటుంది, అది అంచును త్వరగా తినేస్తుంది. నూట యాభై రూపాయల ఉలిని అరగంటకోసారి రాతి మీద పట్టాలి. పట్టినప్పుడల్లా అయిదు నిమిషాల చొప్పున రోజుకు ఒక గంట పోయింది. ఐదు వందల ఉలికి రెండు గంటలకోసారి పదును చాలు, అంటే పావుగంట. ముప్పావు గంట మిగిలింది, దాని విలువ సుమారు 84 రూపాయలు. రెండింటి ధరకీ తేడా 350. ఐదో రోజుకి ఆ తేడా తిరిగి వచ్చేసింది.

ఇక మూడు వేల ఉలి. దానికి రోజుకు మూడుసార్లు కాక రెండుసార్లు పదును పెడితే చాలుననుకుందాం. అయిదు నిమిషాలు మిగిలాయి, అంటే తొమ్మిది రూపాయల పైచిలుకు. అదనంగా పెట్టిన 2,500 వెనక్కి రావాలంటే బెజ్జాలు కొట్టే రోజులే సుమారు 265 కావాలి. మొదటి మెట్టు ఎక్కినందుకు వచ్చే లాభం రెండో మెట్టుకి రాదు. నా ఉద్దేశంలో మన పల్లెల్లో పనిచేసే వడ్రంగికి మధ్యరకం ఉలే సరైనది. పై దేశపు ఉలి బాగుండదని కాదు, చాలా బాగుంటుంది. అయితే ఆ మంచితనానికి వెల కట్టే గిరాకీ ఉన్న చోట, సన్నని నగిషీ పనికి మంచి కూలి ఇచ్చే చోట మాత్రమే అది గిట్టుతుంది.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది గమనించరు. మిగిలిన ఆ ముప్పావు గంట ఎవరిది? గుత్తకు పని పట్టినవాడికైతే అది తనదే. రోజుకూలికి వెళ్ళేవాడికి మాత్రం మిగిలిన సమయం ఇంటి యజమానికి పోతుంది, ఉలి ఖర్చు తన జేబులోంచి పోతుంది. రోజుకూలి మీద ఉన్నంతకాలం ఖరీదైన పనిముట్ల జోలికి వెళ్ళకపోవడం పిసినారితనం కాదు. గుత్త పని మొదలుపెట్టే ముందు నెలలో కొనుక్కోండి.

ఒక మాట. ఎంత పెట్టి కొన్న ఉలి అయినా కొత్తది కొత్తగా కోయదు. దాని బల్లపరుపు వీపును అంచు దగ్గర రెండు వేళ్ళ మేర అద్దంలా రుద్దుకోవాలి, అంచును 25 నుంచి 30 డిగ్రీల ఏటవాలుకు తేవాలి. అందుకని మొదటి ఖర్చు ఉలి మీద కాదు, సానరాయి మీద పెట్టండి. ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు ఉన్న మంచి రాయి కొన్ని వందల్లో వస్తుంది. గ్రైండరు మీద పట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడి పాకం పోయినట్టే. ఆ నీలం మేరంతా అరగదీసి పారేయవలసిందే, అది నూట యాభైదైనా మూడు వేలదైనా. చక్రానికి తగిలించి, వెంటనే నీళ్ళలో ముంచి, మళ్ళీ తగిలించాలి. మొద్దు ఉలి మరొక విధంగా కూడా ఖర్చే. పదును లేనప్పుడు బలం ఎక్కువ పెడతాం, అది జారుతుంది, ఎడమచేతి మీదికి వస్తుంది.

కమ్మరి చేసిన ఉలి మాటేమిటి? లారీ కమాను పట్టీలో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది. పాకం తెలిసిన కమ్మరి చేతిలో అది మంచి బాడిస అవుతుంది. ఒడిశా సరిహద్దుకు దగ్గరలో ఉన్న బొబ్బిలిలో వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. అలాంటి తొలుపుకి కావలసిన వంపు ఉలి ఏ పెట్టెలోనూ రాదు, చేయించుకోవలసిందే. యానాం పక్కన తాళ్ళరేవు, కోరంగి వైపు పడవలు కట్టిన చేతులకూ బాడిసే ప్రాణం. ఇక చన్నపట్నం బొమ్మలకూ, మన ఏటికొప్పాక బొమ్మలకూ వాడే చెట్టు ఒకటే. మనం అంకుడు అంటాం, కన్నడంలో ఆలె మర. మెత్తని కర్ర కనుక మేలురకం ఉక్కు కోసం అక్కడ ఎవరూ అప్పు చేయనక్కరలేదు.

చిత్రిక విషయం వేరు. దీన్నే కొందరు తోపడా అంటారు, మహారాష్ట్ర, ఒడిశా వైపు రంధా. ఇనప చిత్రికలో ఖరీదు అడుగు తలం చదునుకీ, బిళ్ళ కదలకుండా కూర్చోవడానికీ పడుతుంది. చౌక చిత్రిక అడుగు వంకరగా ఉంటే పలక కూడా వంకరగానే వస్తుంది. కాని ఈ లోపాన్ని చేత్తో సరిచేయవచ్చు. మందపాటి గాజుపలక మీద గరుకు కాగితం పరచి, అడుగును ఓపికగా రుద్దితే సగం రోజులో చదునవుతుంది. ఆషాఢంలో పని పలచబడినప్పుడు ఈ సగం రోజు ఎవరికైనా దొరుకుతుంది. కనుక చిత్రికలో చౌకది కొని, దాని బిళ్ళ ఒక్కటి మంచిది వేసుకోవడం తెలివైన పద్ధతి. కొలతకు వాడే మూలమట్టంలో మాత్రం ఈ సర్దుబాటు కుదరదు. అది తప్పితే చేసిన ప్రతి తలుపూ తప్పుతుంది. కొట్లోనే పరీక్షించండి. నేరైన అంచున్న పలక మీద ఒక గీత గీసి, మట్టం తిరగేసి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ కలిస్తేనే డబ్బు ఇవ్వండి.

రంపాల్లో ఇప్పుడు పళ్ళ చివర నల్లగా, నీలంగా ఉండేవి వస్తున్నాయి. ఆ పళ్ళకు గట్టి పాకం పెట్టారు, ఆకురాయి ఎక్కదు. చాలాకాలం కోస్తాయి, అరిగాక పారేయాలి. ప్లైవుడ్ పని ఎక్కువ ఉన్నవారికి అవే మేలు, ఎందుకంటే ప్లైవుడ్‌లోని జిగురు మామూలు పళ్ళను త్వరగా మొద్దుబారుస్తుంది. వేప, తుమ్మ, సాల్ కర్ర కోసేవారు ఆకురాయి ఎక్కే పాత రకం రంపమే ఉంచుకుంటే, మూడు పలకల ఆకురాయితో ఏళ్ళ తరబడి నడుస్తుంది.

ఇక కరెంటుతో నడిచే యంత్రాలు. లక్ష అప్పు వచ్చిందంటే అందరి చూపూ వీటి మీదికే పోతుంది. ఇక్కడ పేరుకి డబ్బు పెట్టడం నాకు తప్పుగా తోచదు, ఒక షరతు మీద. ఆ కంపెనీ మరమ్మతు కేంద్రం మీరు బస్సులో పొద్దున్న వెళ్ళి సాయంత్రం తిరిగి రాగలిగినంత దూరంలో ఉండాలి. సరిహద్దు దాటి పొరుగు రాష్ట్రంలో కాస్త తక్కువకు కొని, బిల్లు తీసుకోక, హామీ కాలంలోనే సొంత ఖర్చుతో బాగుచేయించుకునేవారు ఉన్నారు. పేరున్న కంపెనీల నకిలీ సరుకు కూడా బజారులో ఉంది, బిల్లు అడిగితే దాని గుట్టు సగం బయటపడుతుంది. వోల్టేజి తక్కువగా ఉండే ఊళ్ళలో బలవంతంగా నడిపితే మోటారు తీగచుట్టలు కాలిపోతాయి, ఎంత పెట్టి కొన్నా సరే. పళ్ళకు కార్బైడ్ తాపిన బ్లేడుకి మాత్రం వెనకాడకండి. ఏడాదిలో నాలుగు రోజులు మాత్రమే పనిపడే పెద్ద రందా యంత్రం కొనే బదులు అద్దెకు తెచ్చుకోండి. లేదా వీధిలోని ముగ్గురు ఆచారులు కలిసి కొనుక్కోండి. కలిసి కొంటే బ్లేడు పదును ఎవరి వంతో ముందే కాగితం మీద రాసుకోండి.