ఫోన్లో ఆడుతుంది, స్టోర్‌లో ఆగుతుంది

తిథి, వర్జ్యం చూపించే చిన్న పంచాంగం యాప్ ఒకటి తయారైందనుకుందాం. దాన్ని యాపిల్ యాప్ స్టోర్‌లో పెట్టాలి. వాడకం ఎలాగో చూపే ‘యాప్ ప్రివ్యూ’ వీడియో ఉంటే బావుంటుందని ఫోన్ తెరను రికార్డు చేశారు. పాటలూ మాటలూ ఎందుకులే అని శబ్దం తీసేసి, ఎక్కించారు. చక్రం కాసేపు తిరిగింది. ఆ తర్వాత వచ్చిన సందేశం: ఆడియో చెల్లదు, లేదా చెడిపోయింది. అసలు ఆడియో ఉంటే కదా చెడిపోవడానికి! అదే ఫైలు ఫోన్లో నొక్కితే నిక్షేపంగా ఆడుతుంది.

ఫైలు పేరు చివర ‘ఎంపీ4’ అని ఉంటే లోపలి సరుకేమిటో తెలిసినట్టు కాదు. అది బస్తా మాత్రమే. అందులో బొమ్మలది ఒక పాయ, శబ్దానిది ఒక పాయ. బొమ్మల్ని హెచ్.264 పద్ధతిలో కుదించి ఉండొచ్చు, హెచ్.265లోనైనా కుదించి ఉండొచ్చు. బస్తా మీద రాత మాత్రం అదే. వీడియో ప్లేయర్లకు పట్టింపు తక్కువ. ఏది దొరికితే అది ఆడిస్తాయి, శబ్దం లేకపోతే మూగగా ఆడిస్తాయి. స్టోర్‌కు అలా కుదరదు. అందుకే యాపిల్ నిబంధనలు కచ్చితంగా ఉంటాయి: హెచ్.264 గానీ ప్రోరెస్ 422 హెచ్‌క్యూ గానీ కావాలి, నిడివి 15 నుంచి 30 సెకన్లు, బరువు 500 ఎంబీ లోపు, సెకనుకు 30 ఫ్రేములు దాటకూడదు, శబ్దం స్టీరియోలో ఉండాలి.

ఆ చివరి మాట దగ్గరే మన పంచాంగం ఆగింది. శబ్దం పాయ మౌనంగా ఉండటం వేరు, పాయే లేకపోవడం వేరు. మార్కుల జాబితాలో సున్నా వేసిన గడికీ ఖాళీగా వదిలేసిన గడికీ ఉన్నంత తేడా. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో శబ్దం తీసేస్తే ఆ పాయ మొత్తం పోతుంది. తనిఖీ ప్రోగ్రాం శబ్దం వివరాలు అడుగుతుంది, జవాబు రాదు. దానికి తెలిసిన మాట ‘చెడిపోయింది’ ఒక్కటే కాబోలు. మందు తేలికే. శబ్దాన్ని కుదించే ఏఏసీ పద్ధతిలో, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియోగా, నిశ్శబ్దాన్నే ఒక పాయగా చేర్చాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాధనంతో నిమిషం పని.

శబ్దం కుదిరాక కొలతలు. ఐఫోన్ 14 తెర 1170 అడ్డం, 2532 నిలువు పిక్సెళ్లు. రికార్డింగూ అదే కొలతలో వచ్చిందనుకుందాం. స్టోర్ అడిగేది 886, 1920. ఈ 886 ఎక్కడి అంకె? నిలువును 1920కి కుదిస్తే అడ్డం దాదాపు 887 వస్తుంది. కానీ హెచ్.264 మామూలుగా రంగును పిక్సెల్‌కొకటి చొప్పున దాచుకోదు, రెండు బై రెండు పిక్సెళ్ల గుంపుకు ఒకటే దాస్తుంది. బేసి వెడల్పులో ఆ గుంపులు సరిగా కూర్చోవు. 886 అలా పుట్టిందనే నా ఊహ.

ఇక ఫ్రేముల సంగతి. నాకు బాగా నచ్చిన లెక్క ఇదే. హెచ్.264 ప్రతి బొమ్మనూ 16 బై 16 పిక్సెళ్ల చదరాలుగా కోస్తుంది. యాపిల్ అనుమతించే పై మెట్టు ‘లెవెల్ 4.0’. ఆ మెట్టులో బొమ్మకు 8,192 చదరాలు, సెకనుకు 2,45,760 చదరాలు దాటకూడదు. మన రికార్డింగును యథాతథంగా కోస్తే అడ్డం 74, నిలువు 159, మొత్తం 11,766 చదరాలు. మొదటి బొమ్మకే హద్దు దాటింది. కుదించాక 56 ఇంటూ 120, అంటే 6,720. సెకనుకు 30 బొమ్మలైతే 2,01,600, హాయిగా పడుతుంది. ఫోన్ రికార్డరు 60 దాకా తీస్తే 4,03,200! కంటికి బాగానే ఉంటుంది గానీ లెక్క తప్పింది. పైగా ఫోన్ తీసే వేగం నిలకడగా ఉండదు, తెర కదిలినప్పుడు పెరిగి, ఆగినప్పుడు తగ్గుతుంది. ఎగుమతి చేసేటప్పుడు నిలకడగా 30 అని చెప్పి తీయాలి.

నిడివిని సరిగ్గా 30 సెకన్లకు బిగించడం కూడా నాకు ఇష్టం లేదు. ఏఏసీ శబ్దాన్ని 1,024 నమూనాల పొట్లాలుగా కడుతుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో 30 సెకన్లకు 13,23,000 నమూనాలు. పొట్లాలు 1,292 కావాలి, వాటిలో పట్టేవి 13,23,008. ఎనిమిది ఎక్కువ! ఆ ఎనిమిదికే తిప్పిపంపుతారని కాదు గానీ, 29 సెకన్ల దగ్గర కోసేస్తే ఈ గొడవే ఉండదు.

బరువు గురించి మాత్రం కంగారు వద్దు. సెకనుకు 12 మెగాబిట్ల చొప్పున 30 సెకన్లు తీసినా 45 ఎంబీ దాటదు.

గూగుల్ ప్లేలో ఫైలు ఎక్కించే పనే లేదు, యూట్యూబ్ లింకు ఇస్తే చాలు. అక్కడ చూసేవి వేరు: వీడియోకు ప్రకటనలు ఆపారా, వయసు పరిమితి పెట్టారా, ప్రైవేటుగా దాచారా అని.

యాపిల్ దగ్గర యంత్రం సరేనన్నాక మనిషి చూస్తాడు. ప్రివ్యూలో యాప్ తెరే కనిపించాలి. ఫోన్ పట్టుకున్న చేతిని కెమెరాతో తీసిన దృశ్యం పనికిరాదు.

అన్నీ దాటాక ఒకటి మరిచిపోతుంటారు. వీడియో ఆడనప్పుడు నిలిచి కనిపించే బొమ్మను మనం ఎంచుకోకపోతే, స్టోర్ అయిదో సెకను దగ్గరి దాన్ని తీసుకుంటుంది. ఆ అయిదో సెకనులో మన పంచాంగం తెర మీద రాహుకాలం ఉంటే, కొత్తగా వచ్చినవారికి మొదట కనపడేది అదే.