శ్రీశైలం దారిలో ఆగి చూడండి

శనివారం తెల్లవారగానే హైదరాబాద్ నుంచి శ్రీశైలం వైపు వ్యాన్లు బారులు తీరుతాయి. మధ్యాహ్నానికి దర్శనం, సాయంత్రానికి డ్యామ్, ఆదివారం రాత్రికి ఇల్లు. దేవుణ్ని చూసుకోవడానికి ఆ తొందర సరే. కానీ పదిమంది స్నేహితులో, రెండు కుటుంబాలో కలిసి తిరిగి రావాలనుకుంటే శ్రీశైలం దాకా పోనక్కర్లేదు. పాలమూరు, నల్లగొండ మెట్టనేలల అందమంతా ఆ దారి పొడవునే ఉంది.

ఆమనగల్లు దాటితే ఎర్ర చెలకలు, పత్తి చేలు, పేర్చినట్టు నిలబడ్డ గుండ్ల గుట్టలు. అక్టోబరు, నవంబరుల్లో రోడ్డు పక్కన గంపల నిండా సీతాఫలాలు. పండినవి కొన్ని, దోరవి కొన్ని కలిపి అడగండి, రెండు రోజులూ తినొచ్చు. డిండి దగ్గర దారి నల్లగొండ జిల్లాను తాకుతుంది. కాలం బాగైన ఏడు ఇక్కడి జలాశయం అలుగు దుంకుతుంటే చూడటానికి చుట్టుపక్కల ఊళ్లు కదిలొస్తాయి. వాగు పొంగితే రాకపోకలు ఆగిపోతాయి కనుక పెద్ద వానలప్పుడు ముందే కనుక్కుని బయల్దేరాలి. ఓపికున్నవాళ్లు దేవరకొండ వైపు తిరిగి, ఏడు గుట్టలను కలుపుతూ పద్మనాయకులు కట్టిన కోట ఎక్కొచ్చు. అచ్చంపేట దాటాక, శ్రీశైలానికి ఉత్తర ద్వారమని చెప్పుకునే ఉమామహేశ్వరంలో కొండచరియ నీడనే గుడి ఉంటుంది.

హాజీపూర్ దాటి ఘాట్ ఎక్కితే మన్ననూరు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. ఇక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారిలో వాహనాలను వదలరు. విసుక్కునేవాళ్లు ఉంటారు. దుప్పి, ఎలుగు, చిరుత, పులి రోడ్డు దాటే వేళ అది. మనం ఒక రాత్రి మన్ననూరులో ఆగితే పోయేదేమీ లేదు. అటవీ శాఖ వసతి, సఫారీ రెండూ ముందే బుక్ చేసుకోవాలి. వానాకాలంలో, జులై నుంచి సెప్టెంబరు దాకా, సఫారీ ఉండదు.

నిజాం కాలంలో వేటకు వచ్చే చోటైన ఫరహాబాద్‌కు ఇప్పుడు జీపులో తీసుకెళ్లి అడవిని చూపించేవాళ్లలో ఈ అడవిలోనే బతికే చెంచు తెగ యువకులున్నారు. నా దృష్టిలో ఈ ప్రయాణానికి విలువ తెచ్చేది వాళ్లే. పులి కనబడకపోవచ్చు, కనబడకపోవడమే ఎక్కువ. కానీ అడుగుజాడ ఎంత పాతదో, కోతి ఎందుకు అరిచిందో వాళ్లు చెబుతుంటే అడవి అర్థమవుతుంది. 1940లో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ పీఠభూమి మీదే చెంచుల మధ్య ఉండి, వాళ్ల జీవితాన్ని 1943లో పుస్తకంగా తెచ్చాడు. కొండ అంచున తాళ్లకు వేలాడి తేనె తీయడం, గడ్డలు తవ్వుకోవడం, పెంటలనే చిన్న గూడేల్లో బతకడం నేటికీ పూర్తిగా పోలేదు. యురేనియం కోసం ఈ నేలను తవ్వాలనుకున్నప్పుడు చెంచులు, చుట్టుపక్కల ఊళ్లు వద్దన్నాయి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. అడవి నిలవబట్టే మనకు చూడటానికింత మిగిలింది.

అమ్రాబాద్ దారుల్లో తెల్లటి ఒంటి మీద మచ్చలున్న పశువులు ఎదురైతే బండి నెమ్మదించండి. అవి పొడ తూర్పు జాతివి. దేశీ పశుజాతుల జాబితాలో తెలంగాణకు చోటు తెచ్చినవి.

మరునాడు వటవర్లపల్లి పక్కన మల్లెల తీర్థం జలపాతం. వందల మెట్లు దిగాలి, తిరిగి ఎక్కాలి. పెద్దవాళ్లు పైనే ఆగితే మంచిది. ఇక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఈత వచ్చినా సరే, లోతు తెలియని గుండంలోకి దిగకండి.

చెంచు పెంటల్లోకి పిలవకుండా వెళ్లి ఫొటోలు తీయకండి. గైడు డబ్బు దగ్గర బేరమాడకండి. తేనె కొంటే తీసినవాళ్ల దగ్గరో, గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో కొనండి. తీసుకెళ్లిన ప్రతి నీళ్ల సీసా మీ వ్యాన్‌లోనే ఇంటికి రావాలి.