బెండు రెక్కకు అతుకు



జొన్న బెండుతో బండిబొమ్మలు చేసిన చేతులు మనలో చాలా ఉంటాయి. దంటు పైతోలు గట్టిది, లోపలి బెండు తేలిక. తోలు ఒలిస్తే బెండు ఇట్టే విరుగుతుంది. రెండూ కలిసి ఉన్నంతసేపు దంటు గాలికి ఊగినా నిలుస్తుంది. మనిషి ఎక్కే చిన్న విమానాలనూ ఈ పద్ధతిలోనే కట్టారు.

అమెరికా ఇంజనీరు బర్ట్ రుటాన్ రూపొందించిన 'వేరీ ఈజీ' 1975లో, 'లాంగ్ ఈజీ' 1979లో తొలిసారి ఎగిరాయి. ప్లాను చూసుకుంటూ ఇంటి షెడ్డులోనే కట్టుకోదగిన విమానాలివి. మన నంగలిలో బస్సెక్కితే చేరే బెంగళూరులో, నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీ వారు 1980లలో లాంగ్ ఈజీ ఆధారంగా ఒక చిన్న పరిశోధన విమానాన్ని నిర్మించి ఎగిరించారు.

ఈ రెక్కలో బెండు స్థానంలో ఉండేది పాలిస్టిరీన్ ఫోమ్. మన థర్మోకోలుకు దగ్గరి చుట్టం. దానిపై గాజునార గుడ్డ పరిచి ఎపాక్సీ జిగురు పట్టిస్తారు. బరువు మోసేది గాజునార. ఆ పొర వంగిపోకుండా, ఆకారం చెడకుండా ఆపేది ఫోమ్.

ముందు కోత సంగతి. ఫోమ్ దిమ్మె రెండు కొనలకూ రెక్క ఆకారపు అచ్చులు బిగించి, కరెంటుతో వేడెక్కిన సన్నని తీగను వాటి అంచు వెంబడి లాగుతారు. ఈ పనికి ఇద్దరు కావాలి. అచ్చుల మీద అంకెలుంటాయి. ఒకరు అంకె పలుకుతుంటే ఇద్దరూ ఒకేసారి ఆ గుర్తు దగ్గరికి చేరాలి. తొందరపడితే తీగ నడుమ వెనకబడి, రెక్క ముందంచు గుంటపడుతుంది. యూరిథేన్ అనే మరో రకం ఫోమ్‌ను మాత్రం కత్తితోనే చెక్కాలి. వేడి తీగ తగిలితే విషవాయువు వస్తుంది.

ఇక అతుకు. ఎపాక్సీలో పిండిలాంటి బోలు గాజు గోళీల పొడి కలుపుతారు. జిగురు చిక్కబడుతుంది, బరువు తగ్గుతుంది. దీన్ని పలచగా పూయాలి, అంచుదాకా రానివ్వకూడదు. ఎందుకంటారా? గట్టిపడిన జిగురు ఫోమ్ కంటే గట్టిది. గరుకు కాగితంతో రుద్దితే ఇరుపక్కలా ఫోమ్ అరిగి, నడుమ జిగురు పొలంగట్టులా మిగులుతుంది. వేడి తీగ కూడా దాన్ని కోయలేదు. పోనీ లోపల దండిగా ముద్ద పెడదామా అంటే, జిగురు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఫోమ్ ఆ వేడిని బయటికి పోనివ్వదు, తానే కరుగుతుంది.

ఎపాక్సీ బదులు చవకైన పాలిఎస్టర్ రెజిన్ వాడినా ఈ ఫోమ్ కరిగిపోతుంది. పెట్రోలు తగిలినా అంతే. అందుకే ఇంధనపు తొట్టి గోడలకు వేరే రకం ఫోమ్ వాడతారు.

అతికిన దిమ్మెలను చదునైన బల్లమీద, మెలిక లేకుండా చూసి, కదలకుండా ఆరనివ్వాలి. మెలికపడిన రెక్క విమానాన్ని ఒక పక్కకు ఒరగదీస్తుంది. గాజునార కప్పాక లోపలి అతుకు ఎవరికీ కనిపించదు. కాబట్టి తట్టి, తడిమి చూడవలసింది కప్పకముందే. ఆ తర్వాత దాన్ని పరీక్షించేది ఆకాశమే, అప్పటికి మనిషి అందులో కూర్చుని ఉంటాడు.