కంప్యూటరుకు నీళ్ళ కూలింగు: కొనక ముందు వేయవలసిన లెక్క



మొన్న వేసవి సెలవుల్లో మా వీధి కుర్రవాడొకడు ఒక కాగితం పట్టుకుని ఇంటికి వచ్చాడు. బెంగళూరులో యానిమేషను నేర్చుకుంటున్నాడు. సెలవులకు బళ్ళారి వస్తే రాత్రంతా కంప్యూటరు మీద రెండరింగ్ పెట్టి పడుకుంటాడు. "సార్, ఫ్యాన్లు చాలడం లేదు. నీళ్ళ కూలింగు నేనే బిగించుకుంటాను. సామాన్ల జాబితా ఇది" అన్నాడు. వెనకాలే వాళ్ళ నాన్న. "మేష్ట్రే, కరెంటు పెట్టెలో నీళ్ళు పోస్తానంటున్నాడు, మీరైనా చెప్పండి" అని ఆయన గోల. కొడుకు ఏడాది పాటు కూడబెట్టిన డబ్బు మరి. ఆ రోజు వాళ్ళిద్దరికీ చెప్పిందే ఈ పూట మీకూ చెబుతాను.

నీళ్ళు అనగానే మనకు కుండ గుర్తొస్తుంది. కుండ గోడల్లోంచి ఊరిన తేమ ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని లోపలి నీళ్ళ నుంచే లాక్కుంటుంది. అందుకే కుండ నీళ్ళు బయటి గాలికన్నా చల్లగా ఉంటాయి. కంప్యూటరు గొట్టాల్లో నీళ్ళు అలా ఆవిరి కావు. అవి మూసిన దారిలో తిరుగుతాయి. లారీ ఇంజనులో లాగానే ఒక చోట వేడిని ఎత్తుకుని, రేడియేటరు దగ్గర గాలికి అప్పగించి, వెనక్కి వస్తాయి. అంటే నీళ్ళది కూలి పని మాత్రమే. గదిలో గాలి 38 డిగ్రీలుంటే, ఎంత ఖరీదైన పంపు పెట్టినా ఆ నీళ్ళు 38కి దిగువకు రావు.

మరి నీళ్ళెందుకంటారా? అంతే పరిమాణం గల గాలి మోసే వేడికి 3,000 రెట్లకు పైగా నీళ్ళు మోస్తాయి. గోరంత చిప్పు మీద పుట్టిన వేడిని మూరెడు రేడియేటరు మీద పరచగలుగుతాయి. కాబట్టి అసలు లెక్కంతా రేడియేటరు దగ్గరే.

కుర్రవాడి ప్రాసెసరు ఇంటెల్ కోర్ ఐ7-14700కె. గరిష్ఠంగా 253 వాట్లని కంపెనీయే చెబుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4080, అది 320 వాట్లు. రెండూ ఒకేసారి నిండుగా పనిచేయడం అరుదే కానీ, లెక్క మాత్రం నిండుకే వేయాలి. మొత్తం 573 వాట్లు. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒక్కొక్కటి పట్టే రేడియేటరు భాగం సుమారు 100 వాట్లను సాగనంపుతుందనీ, అప్పుడు నీళ్ళు గది గాలికన్నా 10 డిగ్రీలు వేడిగా ఉంటాయనీ ఒక మోటు లెక్క ఉంది. ఆ ప్రకారం ఆరు ఫ్యాన్ల జాగా కావాలి. జాబితాలో ఉన్నదో, రెండు ఫ్యాన్ల 240 రేడియేటరు ఒక్కటే! తేడా 10 కాదు, 28 దాటుతుంది. 38కి 28 కలిపితే 66. ఈ పంపులకు మామూలుగా 60 డిగ్రీలే హద్దు. అద్దంలా మెరిసే పెట్‌జీ గొట్టాలు కూడా ఆ వేడికే మెత్తబడి కీలు దగ్గర జారతాయి. తండ్రి భయపడిన ప్రమాదం అక్కడే ఉంది.

38 మా బళ్ళారి అంకె. హోసూరులోనో, పర్లాకిమిడిలోనో ఉన్నవారు తమ గదిలో థర్మామీటరు పెట్టి, కిటికీ మూసి, కంప్యూటరు రెండు గంటలు నడిపి చూడండి. ఆ వేడంతా చేరేది ఆ గదిలోకే కదా.

ఏ భాగం తర్వాత ఏ భాగం రావాలని కొందరు మథనపడతారు. నిమిషానికి 4 లీటర్లు తిరిగితే 573 వాట్లకు ఒక చుట్టులో నీళ్ళు వేడెక్కేది 2 డిగ్రీలే. వరుస మీ సౌకర్యం. నీళ్ళ తొట్టి మాత్రం పంపుకు పైన, దానికి ముందు ఉండాలి. పంపు ఒట్టిగా తిరిగితే పాడవుతుంది. అన్నిటికన్నా కింద ఒక చిన్న కుళాయి పెట్టుకోండి, నీళ్ళు మార్చే రోజున నాకు దండం పెడతారు.

ఇక నేను చేసిన తప్పు. నా మొదటి ప్రయత్నంలో చవకగా వచ్చిందని అల్యూమినియం రేడియేటరు కొని రాగి బ్లాకుకు కలిపాను. రెండు వేర్వేరు లోహాలు, మధ్య నీళ్ళు. తొమ్మిదో తరగతి పిల్లలకు బ్యాటరీ పాఠం చెప్పే నాకే తట్టలేదు! కొన్ని నెలలకు అల్యూమినియం తినిపోయి, తెల్లటి బురద దారంతా పూడ్చింది. రాగి, ఇత్తడి ఒక జట్టు. అల్యూమినియాన్ని వాటిలో కలపకండి. బోరు నీళ్ళు అసలే వద్దు. తుప్పును, నాచును ఆపే మందు కలిసిన తయారీ కూలెంటే పోయండి.

పోసిన వెంటనే కంప్యూటరు వేయకూడదు. పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకూ కార్డుకూ వెళ్ళే వైర్లన్నీ ఊడదీసి, 24 పిన్నుల చివర టెస్టు ప్లగ్గు తగిలిస్తే పంపు ఒక్కటే తిరుగుతుంది. కీళ్ళ కింద కాగితం పరిచి ఒక పగలూ రాత్రీ చూడాలి.

మా కుర్రవాడు స్కేలు పెట్టి క్యాబినెట్టు కొలిచాడు. మూడు ఫ్యాన్ల 360 రేడియేటరు పైన ఒక్కటే పట్టింది. మళ్ళీ లెక్క వేశాం. నీళ్ళు కార్డుకు మాత్రమే. 320 వాట్లు, మూడు ఫ్యాన్లు. తేడా 11 లోపే, అంటే నీళ్ళు 49 డిగ్రీలు. ప్రాసెసరును బయాస్‌లో 125 వాట్లకు కట్టడి చేసి, దాని ఫ్యాను దానికే ఉంచాడు. గట్టి గొట్టాలు మాని మెత్తనివి తెచ్చుకున్నాడు. ఖర్చు దాదాపు సగానికి తగ్గింది. టెస్టు పెట్టిన రాత్రి వాళ్ళ నాన్న టార్చిలైటు పట్టుకుని రెండుసార్లు లేచి కాగితం తడిమి చూశాడట. తెల్లారేదాకా పొడిగానే ఉంది.