కల్లు మండువ

కల్లు మండువ అనగా తెలంగాణ పల్లెలలో తాటి, ఈత వనాల చెంత గీత కార్మికులు కల్లు అమ్మే చోటు. జపానులోని ఇజకాయ వలె ఇది కూడా పనులు ముగించుకొన్నవారు కూడి తాగుతూ, తింటూ, ముచ్చటించుకొనే స్థలము.

విధానం
గీత కార్మికుడు మోకు, ముత్తాదుల సాయంతో తాటిచెట్టెక్కి గెల గీసి, లొట్టిలో చేరిన కల్లును దించుతాడు. తాగేవారు దానిని తాటాకు రేకలో పట్టుకొని తాగుతారు. నంజుకోవడానికి గుడాలు, పల్లీలు, వేయించిన చేపలు, బోటి కూర ఉంటాయి. తెల్లవారుజామున తియ్యగా ఉండే కల్లు పొద్దెక్కిన కొద్దీ పులుస్తుంది. కనుక ఏ రోజుది ఆ రోజే అమ్మవలసి ఉంటుంది.

కల్తీ
మండువలో కల్లు దించిన మనిషి తాగేవారి ఎదుటనే ఉంటాడు. వనాలు లేని నగరాలలో ఈ నమ్మకానికి ఆధారం లేదు. అక్కడ క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లు అమ్ముడవుతున్నది. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.