ఇంటివారు లేని ఇంట్లో అతిథులు



ఊరు వెళ్ళినప్పుడు లాడ్జీలో దిగకుండా, ఎవరిదో ఇల్లు రెండు మూడు రోజులకు అద్దెకు తీసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. ఫోనులో ఫొటోలు చూసి డబ్బు కట్టేస్తే చాలు. వంటగది ఉంటుంది, పసిపిల్లకు పాలు కాచుకోవచ్చు, పెద్దవాళ్ళకు ఇంత చారన్నం వండిపెట్టుకోవచ్చు. దిగేవాళ్ళకు హాయే. మరి ఆ గోడకు అవతల ఏళ్ళ తరబడి కాపురముంటున్న వాళ్ళ మాటేమిటి? ఈ ప్రశ్న మీద ఎన్నో దేశాల్లో పురపాలక సంఘాలు తగువులు పడ్డాయి, ఇంకా పడుతున్నాయి. ఆ తగువేమిటో ఈ రోజు ముచ్చటించుకుందాం.

డబ్బు తీసుకుని ఇంట్లో చోటివ్వడం మనకు కొత్త కాదు. వెనకటి రోజుల్లో మన ఊళ్ళల్లో పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. ఏ ఆధారమూ లేని ఇల్లాలు పదిమందికి వండిపెట్టి, పడుకోవడానికి అరుగు చూపించి, తన పొట్ట పోసుకునేది. అయితే ఆవిడ కూడా ఆ ఇంట్లోనే ఉండేది. వచ్చినవాడు అర్ధరాత్రి కేకలు వేస్తే మందలించడానికి మనిషి ఉండేది.

ఎయిర్‌బిఎన్‌బి అనే పెద్ద సంస్థ కూడా ఇలాగే మొదలైంది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటి అద్దె కట్టుకోలేని ఇద్దరు కుర్రాళ్ళు గాలి పరుపులు పరిచి, తామున్న ఇంట్లోనే అతిథులకు చోటిచ్చారు. తరువాత తరువాత ఇంటివారు తప్పుకుని ఇల్లు మాత్రమే మిగిలింది. ఒక్కొక్కరు నాలుగైదు ఇళ్ళు తీసుకుని, వాటినే వ్యాపారంగా నడపడం మొదలుపెట్టారు. తగువంతా ఇక్కడే.

లెక్క వేసి చూడండి. ఒక వాటా నెలకు 20 వేల అద్దె తెస్తుందనుకోండి. అదే రోజుకు 2,500 చొప్పున ఇస్తే పది రోజులకే 25 వేలు. ఇంక నెలవారీ అద్దెకు వచ్చే సంసారులకు ఆ ఇల్లు ఎవరిస్తారు? ఒక ఇల్లయితే ఫరవాలేదు. వీధి వీధంతా అలా అయితే ఆ ఊళ్ళో పనిచేసుకునే టీచరుకూ, నర్సుకూ ఇల్లు దొరకదు.

రెండో పక్క కూడా వినాలి. పిల్లలు దూరదేశాలు వెళ్ళిపోగా పెద్ద ఇంట్లో ఒంటరిగా మిగిలిన ఇల్లాలికి, పై గది మీద వచ్చే నాలుగు డబ్బులు మందులకూ మరమ్మతులకూ ఆసరా. ఆవిణ్ణీ, పది ఇళ్ళ వ్యాపారినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు కదా?

మన తెలుగువాళ్ళు చాలామంది కాపురముంటున్న జెర్సీ సిటీలో ఏం జరిగిందో చూద్దాం. ఇది అమెరికాలో, హడ్సన్ నదికి ఇవతలి ఒడ్డున ఉంది. నది దాటితే న్యూయార్కే. అందుకని యాత్రికుల తాకిడి ఎక్కువ. 2015లో నగర కౌన్సిలు ఈ రోజువారీ అద్దెలను అనుమతించి, హోటళ్ళ మాదిరిగా పన్ను వేసింది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఫిర్యాదులు పెరిగాయి. 2019లో అదే కౌన్సిలు గట్టి నిబంధనలు చేసింది. లైసెన్సు ఉండాలి. యజమాని అక్కడ ఉండకపోతే ఏడాదికి 60 రాత్రులకు మించి ఇవ్వకూడదు. తానే అద్దెకున్న మనిషి ఆ ఇంటిని మళ్ళీ రోజువారీ అద్దెకివ్వకూడదు.

దీన్ని వ్యతిరేకించినవాళ్ళు సంతకాలు సేకరించి, విషయాన్ని ప్రజల ఓటుకు పెట్టించారు. ఎయిర్‌బిఎన్‌బి 40 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. అవతల హోటల్ కార్మికుల సంఘం నిబంధనల పక్షాన ప్రచారానికి దిగింది. హోటళ్ళు నిండితేనే వాళ్ళకు జీతాలు మరి! 2019 నవంబరులో ఓటింగు జరిగితే, నూటికి దాదాపు 70 మంది నిబంధనలే కావాలన్నారు.

అంతటితో ఆగలేదు. “2015లో అనుమతించింది మీరే కదా, నమ్మి పెట్టుబడి పెట్టాం, ఇప్పుడు నోటి దగ్గర కూడు తీసేస్తారా?” అని కొందరు కోర్టుకెక్కారు. వాళ్ళ కష్టమూ కష్టమే. కాని 2022లో అప్పీలు కోర్టు నగరం పక్షానే తీర్పు చెప్పింది.

అన్ని ఊళ్ళూ ఒకే దారి పట్టలేదు. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు ఇంకా గట్టి ఆంక్షలు వద్దని తిప్పికొట్టారు. 2023 సెప్టెంబరు నుంచి న్యూయార్కులో 30 రోజులకు లోపు అద్దెకివ్వాలంటే పేరు నమోదు చేసుకోవాలి, ఇంటి మనిషి ఇంట్లో ఉండాలి, ఇద్దరు అతిథులకు మించకూడదు. బార్సిలోనా మేయరు 2024లో, అక్కడున్న 10,101 లైసెన్సులను 2028 నవంబరు తరువాత పొడిగించబోమని ప్రకటించారు. అలాగని చట్టం రాగానే అద్దెలు దిగివస్తాయనుకోకండి. న్యూయార్కులో అలా గబుక్కున దిగలేదు. ఇళ్ళ కొరతకు కారణం ఇదొక్కటే కాదు.

అయినా జెర్సీ సిటీ, న్యూయార్కు నిబంధనలు రెండూ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి. అతిథి దిగిన ఇంట్లో ఇంటివారు ఉంటున్నారా? ఉంటే అది ఆతిథ్యం, లేకపోతే వ్యాపారం. మన కేంద్ర పర్యాటక శాఖ వారి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం కూడా ఇదే మాట చెబుతుంది. ఆరు గదులకు మించకూడదు, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురముండాలి.

మీ అపార్టుమెంటులోనో, మీ వీధిలోనో ఎవరైనా ఇలా మొదలుపెడితే పోట్లాటకు దిగకండి. అలాగని ఊరుకోనూ వద్దు. అసోసియేషన్ మీటింగుకు మగవాళ్ళను పంపి మనం వంటింట్లో ఉండిపోతే లాభం లేదు. రాత్రి రెండింటికి కాలింగ్ బెల్ మోగితే లేచేది మనమే కదా! మీటింగుకు వెళ్ళి అడగండి. లైసెన్సు ఉందా? వచ్చేవాళ్ళ పేర్లు పుస్తకంలో రాస్తున్నారా? విదేశీయులు దిగితే 24 గంటల్లో అధికారులకు తెలియజేయాలని నియమం ఉంది, అది పాటిస్తున్నారా? నీళ్ళూ లిఫ్టూ ఎక్కువ వాడితే ఆ ఖర్చు ఎవరిది? రాత్రివేళ గొడవైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? జవాబులన్నీ కాగితం మీద రాయించి, సంతకాలు తీసుకోండి.

గది అద్దెకిద్దామనుకునే సోదరీమణులకూ అదే చెబుతున్నాను. ముందు పొరుగింటికి వెళ్ళి చెప్పండి, తరువాత బోర్డు పెట్టండి. చెప్పి చేసిన పనికి పొరుగువారి సాయం దొరుకుతుంది.

సెలవు.